తోక తెగిన చందువ

మా అక్క పుష్పకుమారిని తలుచుకుంటే నాకు ముందుగా ఒక మధ్యాహ్నం గుర్తుకొస్తుంది. ఏ రోజుదో తెలియదు. సరుగుడు తోటల అవతల సముద్రం చప్పుడు చేస్తూ ఉంటుంది. అంగన్‌వాడీ గదిలో చాపల మీద పద్దెనిమిది మంది పిల్లలు నిద్రపోతుంటారు. పప్పు ఉడికిన వాసన ఇంకా గదిలోనే తిరుగుతూ ఉంటుంది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఎవరో ఒక బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి, నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ చెయ్యి బిడ్డ ఊపిరితో పాటు మెల్లగా లేచి దిగుతూ ఉంటుంది. కిటికీలోంచి వచ్చిన ఎండ చార నేల మీద కదులుతుంటే, గది మొత్తం ఒడ్డు విడిచిన పడవలాగా ఎటో మెల్లగా సాగిపోతున్నట్టు అనిపించేది నాకు.

మైపాడుకు కొంచెం ఎడంగా ఉన్న ఆ జాలర్ల పాళెంలో అక్క ఇరవై రెండేళ్ళు టీచరమ్మ. మా బావ జీవానందం పోయిన తర్వాత నేను ఆమెతోనే ఉండిపోయాను. పొద్దున ఇందుకూరుపేట లైబ్రరీకి వెళ్ళి తలుపులు తీసి, పేపర్లు పరిచి, పన్నెండింటికల్లా మూసి వచ్చి ఆమెతో కలిసి భోజనం చేసేదాన్ని. అందుకే ఆ మధ్యాహ్నాలు అన్నీ కలిసి ఒకటే అయిపోయాయి నాలో.

అక్క ఏ బిడ్డనూ తినమని అడగలేదు. బతిమాలడం, బూచిని చూపించడం, వెంటపడి నోట్లో కుక్కడం ఆమెకు తెలియవు. మారాం చేసే బిడ్డ ఎదురుగా తన పళ్ళెం పెట్టుకుని కూర్చునేది. బిడ్డ వైపు చూడకుండా మెల్లగా, ఇష్టంగా, వేళ్ళకు అంటినది కూడా వదలకుండా తినేది. కాసేపటికి ఆ బిడ్డ నోరు తనంతట తాను తెరుచుకునేది. అప్పుడు కూడా తొందరపడేది కాదు. ఇంకో రెండు ముద్దలు తనే తిని, మూడోది అటు పెట్టేది.

ఇదేం మంత్రమని ఒకసారి అడిగాను.

"మంత్రమేముందే? పిల్లకాయలు చెవులతో తినరు, కళ్ళతో తింటారు. నువ్వు తినూ తినూ అంటా ఉంటే ఎవురికి ఆకలేస్తాది?" అంది.

సుప్రజ ఆ గదిలోకి వచ్చింది నాలుగేళ్ళ కిందట. వేట నిషేధం అయిపోయి, పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగిన నెల అది. బిడ్డకు పద్నాలుగు నెలలు. నాన్న వినోద్ వేటకు పోతాడు. అమ్మ ఉష మాట మెత్తనిది, ఆ ఇంట్లో చెల్లదు. ఇల్లు నడిపేది వినోద్ అమ్మ పోలేరమ్మ. తెల్లారగానే తట్ట నెత్తిన పెట్టుకుని ఆటోలో ఇందుకూరుపేట వెళ్ళి, వీధి వీధి తిరిగి చేపలు అమ్మి, రెండింటికి తిరిగి వచ్చేది. ఆమె గొంతు వీధి మొదట్లో వినబడితే వీధి చివర పిల్లులు లేచి కూర్చునేవి.

తూకం రోజున ఉష బిడ్డను తెచ్చింది. దూలానికి వేలాడే కాటా, దానికి గుడ్డ ఉయ్యాల. ఒడ్డు మీద చేపలు తూచే కాటాకూ దీనికీ పెద్ద తేడా లేదు. ఉయ్యాలలో వేయగానే ప్రతి బిడ్డా కాళ్ళు తన్ని ఏడుస్తుంది. సుప్రజ ఏడవలేదు. గాల్లో మెల్లగా తిరుగుతూ కిటికీలోంచి కనిపిస్తున్న నీళ్ళను చూస్తూ ఊరుకుంది. ముల్లు ఆరు కిలోల మూడు వందల దగ్గర ఆగింది. ఆ వయసు బిడ్డకు అది చాలా తక్కువ. జబ్బకు చుట్టే రంగుల పట్టీ పసుపులోనే ఉంది గానీ, ఎరుపుకు వెంట్రుక వాసి దూరం.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క అంది, "ఏడ్చేదానికి కూడా వొంట్లో ఏదో ఒకటి ఉండాల గదా."

నర్సు విజయకుమారి గారు వచ్చి చూసి ఉన్న మాట చెప్పారు. వచ్చే నెల తూకానికి పట్టీ ఎరుపులోకి దిగితే నెల్లూరు ఆస్పత్రిలో రెండు వారాలు ఉంచక తప్పదు. అంతకన్నా భయం ఇంకొకటి. వానలు మొదలయ్యే రోజులు, ఒక్కసారి గట్టిగా విరేచనాలు పట్టుకుంటే ఈ ఒళ్ళు తట్టుకోలేదు. ఆస్పత్రి మాట వినగానే పోలేరమ్మ చెయ్యి అడ్డంగా ఊపిందట. అక్కడ గుడ్లూ చేపలూ అన్నీ కలిపి పెడతారంట, మా బిడ్డను పంపించం అంది.

ఆ ఇంటి తిండిని అక్క నాకు వివరంగా చెప్పింది. పాలు పడాలని ఉషకు వారానికి రెండుసార్లు సొరచేపతో చేసిన సొరపుట్టు. వేటకు పోయేవాడికి బలం కావాలని అంగన్‌వాడీ గుడ్డు వినోద్‌కు. బాలామృతం పొడిని బెల్లం వేసి ఉండలు కడితే ఇంటిల్లిపాదికీ ఒక పూట. బిడ్డకు గంజినీళ్ళు, టీలో ముంచిన బిస్కెట్లు. సముద్రం మీద బతికే ఇల్లు. వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక చేప ఆరుతూ ఉంటుంది. అయినా ఆ వాసన తప్ప ఏదీ బిడ్డ నోటికి చేరదు. పోలేరమ్మ పెట్టిన కట్టు అది. అమ్మా, నాయనా అని స్పష్టంగా పలికేదాకా చేప ముట్టకూడదు. చేపకు నోరుంది గానీ మాట లేదు. మాట రాకముందే బిడ్డ నోట్లో పడితే తన మూగతనం ఇచ్చిపోతుందని ఆమె నమ్మకం. పాళెంలో మిగతా ఇళ్ళల్లో ఎనిమిదో నెల నుంచే ముల్లు తీసి మెదిపి పెడతారు. వాళ్ళ పిల్లలు గలగలా మాట్లాడుతున్నారని అక్క ఎంత చెప్పినా, వాళ్ళ అదృష్టం వాళ్ళది అనేది పోలేరమ్మ.

ఒంట్లో సత్తువ లేక బిడ్డకు మాట రాదు. మాట రాక బిడ్డకు చేప రాదు. గానుగెద్దు తిరిగినట్టు అక్క ఆలోచన దాని చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి తప్పు దారి పట్టింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఎండు నెత్తళ్ళు తలలు తుంచి, కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి మెత్తగా పొడి చేసింది. ఆ పొడి సీసాలో పోసి అంగన్‌వాడీ కేంద్రానికి తీసుకెళ్ళింది. ఉష బిడ్డను పగలంతా అక్కడే వదిలి రొయ్యల షెడ్డుకు పనికి పోయేది. మెత్తగా ఉడికిన పప్పన్నంలో చిటికెడు నెత్తళ్ళ పొడి, ఒక చుక్క నూనె. బిడ్డ మొదటి రోజు నాలుగు ముద్దలు, రెండో రోజు ఆరు, మూడో రోజు గిన్నె ఖాళీ. అక్క ఇంటికొచ్చి ముద్దలు లెక్క చెబుతుంటే ఆమె ముఖం చూసి నాకేమీ అనాలనిపించలేదు. అనవలసింది.

నాలుగో రోజు పోలేరమ్మ చేపలు తొందరగా అమ్ముడుపోయి కేంద్రం మీదుగా వచ్చింది. నేను అప్పుడు వరండాలోనే ఉన్నాను. మనవరాలిని ఎత్తుకుంది, ముద్దు పెట్టుకోబోయి ఆగింది. బిడ్డ నోటి దగ్గర ముక్కు పెట్టి పీల్చింది.

"నెత్తళ్ళు," అంది. అరవలేదు. "వేయించి పొడి కొట్టినావు. ఉప్పు పోయేదాకా కడగను కూడా లేదు."

అక్క చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"ముప్పై ఏళ్ళు తట్ట మోసినా టీచరమ్మా. ఈ ముక్కుకు తెలీకుండా పాళెంలో నెత్తలి కూడా చావదు. నువ్వు చదువుకున్నదానివి. నన్నడిగి ఉంటే నాలుగు తిట్టి ఊరుకుందును. దొంగతనంగా పెట్టినావే."

"బిడ్డ బతకాలని పెట్టినా పోలేరమ్మా."

"నా మునెమ్మ కూడా బతకాలనే పెట్టినా నేను." పోలేరమ్మ కుడిచెయ్యి చాపి చూపించింది, పొలుసులు అంటుకుని ఎండలో మెరుస్తున్న చెయ్యి. "తొమ్మిదో నెలలో. ఈ చేత్తోనే, కానాగంత చేప ముక్క. ముప్పై రెండేళ్ళాయె. ఒక్కసారి అమ్మా అనలేదు."

బిడ్డను చంకనేసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి సుప్రజ రాలేదు. ఉష కూడా పని మానుకుని ఇంట్లోనే ఉండిపోయింది.

మునెమ్మ మా అందరికీ తెలుసు. పోలేరమ్మ కూతురు, వినోద్‌కు అక్క. పెళ్ళి కాలేదు. వినబడదు, మాట లేదు. వాకిట్లో కూర్చుని వలలు బాగు చేస్తుంది. ఆమె వేసిన ముడి ఊడిందని ఆ పాళెంలో ఎవరూ అనలేదు. ఆమె మూగతనాన్ని తల్లి ఇన్నేళ్ళుగా తన చేతి మీద మోస్తోందని మాత్రం ఎవరికీ తెలియదు. అక్కకూ తెలియదు.

ఆ రాత్రి అక్క పళ్ళెం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కెలికింది. "పెట్టడం తప్పు కాదే. చెప్పకుండా పెట్టినా చూడు, అదీ తప్పు," అంది. తర్వాత లేచి ఆ సీసా తీసుకెళ్ళి పిల్లులకు ఖాళీ చేసింది.

మర్నాడు పిల్లలను పడుకోబెట్టి, ఆయాను కాపలా పెట్టి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోలేరమ్మ ఇంటికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది, ఒంటరిగా పోవడానికి సిగ్గేసిందేమో. పోలేరమ్మ అప్పుడే వచ్చి తట్ట కడుగుతోంది. అక్క వాకిట్లో నిలబడి, తప్పయిపోయింది, ఇక మీకు తెలియకుండా మెతుకు కూడా పెట్టను అని చెప్పింది. పోలేరమ్మ తల ఎత్తలేదు. అక్క వెళ్ళిపోలేదు. వరండాలో వల పరుచుకుని కూర్చున్న మునెమ్మ పక్కన చోటు చేసుకుని, క్యారియర్ విప్పి అన్నం తినడం మొదలుపెట్టింది.

"తినేదానికి మీకు ఇల్లు లేదా టీచరమ్మా?" అంది పోలేరమ్మ.

"ఉండాది. మీ వాకిట్లో గాలికి ఇంకో ముద్ద దిగతా ఉంది."

అలా రోజూ. పప్పన్నం, నెయ్యి, ఉడికించిన గుమ్మడికాయ. ఒకరోజు మెత్తగా చిలికిన పెరుగన్నం. ఆ వరండాలో గడిచిన ఆ మధ్యాహ్నాలు నిజంగా జరిగాయా, నేను కలగన్నానా అని ఇప్పుడు నాకు అనుమానం వస్తుంటుంది. వల నీడ నేల మీద గళ్ళు గళ్ళుగా పడి ఊగేది. ఆ గళ్ళలో సుప్రజ పాకుతూ వచ్చేది. మునెమ్మ సూది ఆగకుండా దూరి వచ్చేది. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అక్క తినడమూ, సముద్రమూ తప్ప ఇంకే చప్పుడూ ఉండేది కాదు. మూడో రోజో నాలుగో రోజో బిడ్డ అక్క మోకాలు పట్టుకుని నిలబడి నోరు తెరిచింది.

అక్క ముద్ద పెట్టలేదు. చేతిలో పట్టుకుని పోలేరమ్మ వైపు చూసింది. బిడ్డ నోరు తెరుచుకునే ఉంది. అంతసేపు నోరు తెరుచుకుని ఎదురుచూడటం ఎవరూ చూడలేరు.

"ఏముంది అందులో?" అంది పోలేరమ్మ చివరికి.

"పప్పు, నెయ్యి. వాసన చూడు, కావాలంటే."

పోలేరమ్మ నిజంగానే వచ్చి, వంగి, ముద్ద వాసన చూసింది. చూసి, సరే పెట్టమన్నట్టు తల ఊపి వెనక్కి పోయింది. నాకు నవ్వొచ్చింది, అక్కకు రాలేదు.

ఆ రోజు నుంచి బిడ్డ తింటోంది. కానీ తూకానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి, పప్పన్నం ఒక్కటే చాలదని అక్కకు తెలుసు. అయినా చేప మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, పోలేరమ్మ కాస్త మెత్తబడి తమలపాకు నములుతూ కూర్చున్నప్పుడు, మునెమ్మ వైపు చూస్తూ అడిగింది.

"చేప పెట్టకముందు, నెలల బిడ్డగా ఉన్నప్పుడు, ఏదన్నా చప్పుడైతే లేచేదా పోలేరమ్మా?"

"అదంతా ఎవురికి గుర్తు?" అని పోలేరమ్మ లేచి లోపలికి పోయింది.

తూకం ఇంకో వారంలోకి వచ్చిన రోజు వినోద్ వలలో చందువలు పడ్డాయి. పెద్దవి ఒడ్డు మీదనే వ్యాపారులు తీసుకున్నారు. ఒకటి మాత్రం వల తాడుకు చిక్కి తోక తెగింది. తోక తెగిన చందువను ఎవరూ కొనరు. ఇంటికొచ్చింది, ఉష పులుసు పెట్టింది. మేము వెళ్ళేసరికి మునెమ్మ వల పక్కకు నెట్టి పళ్ళెం పెట్టుకుని కూర్చుని ఉంది. ఉష బావి దగ్గర ఉంది. పోలేరమ్మ ఇంకా రాలేదు.

అక్క తన క్యారియర్ విప్పబోతోంది. అప్పటికే సుప్రజ అలవాటు ప్రకారం ముందు ఎవరు తింటుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మునెమ్మ మోకాలు పట్టుకుని నిలబడి నోరు తెరిచింది.

మునెమ్మకు కట్టు సంగతి ఎవరు చెప్పి ఉంటారు? చెప్పినా ఎలా చెబుతారు? ఇన్ని రోజులుగా ఆమె చూసింది ఒక్కటే: ఈ బిడ్డ నోరు తెరిస్తే పక్కన కూర్చున్నవాళ్ళు పెడుతున్నారు. చందువ ముక్కను విప్పి నడిముల్లు తీసింది. వేళ్ళ మధ్య నలిపి సన్నముల్లు ఏమన్నా ఉందేమో చూసింది. అన్నంలో కలిపి, ఊది, పెట్టింది.

అక్క లేవబోయింది. అప్పుడే వాకిలి దగ్గర తట్ట నేలకు తగిలిన చప్పుడు.

పోలేరమ్మ నిలబడి ఉంది. నోరు తెరిచింది, అరవడానికి. అరిచి ఉపయోగం లేదు. వినేది మునెమ్మ కాదు. ఆ నాలుగు అడుగులూ నడిచే వచ్చింది పోలేరమ్మ. వచ్చేలోపు రెండో ముద్ద కూడా పడింది. వంగి కూతురి మణికట్టు పట్టుకుంది.

మునెమ్మ తల ఎత్తి చూసింది. తల్లి ఎందుకు పట్టుకుందో తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. రెండో చేత్తో పళ్ళెం అంచున వరసగా పెట్టిన ముళ్ళను చూపించింది. అన్నీ తీశాను, ఒక్కటి కూడా లేదు అన్నట్టు. తర్వాత బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసింది, తన పొట్ట మీద వేసుకుంది, నవ్వింది.

పోలేరమ్మ ఆ చెయ్యి వదల్లేదు. పట్టుకునే పక్కన కూర్చుంది. సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

"జాతరకు డప్పులు ఇంటి ముందర కొట్టినారు," అంది. ఎవరికి చెబుతోందో తెలియలేదు. "అప్పుడు దానికి మూడో నెల. పాళెంలో పిల్లకాయలందరూ లేచి ఏడస్తా ఉంటే ఇది ఒక్కటీ కదల్లా. ఎంత మంచి బిడ్డో, ఎంత మంచి నిద్రో అని అందరికీ చెప్పుకోని మురిసిపోయినా టీచరమ్మా."

అక్క చెప్పగలిగినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. తన క్యారియర్ మూత పెట్టి పక్కన పెట్టింది.

సుప్రజ మళ్ళీ నోరు తెరిచింది. పోలేరమ్మ లేచి తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంది, మోచేతి దాకా. తిరిగొచ్చి, మునెమ్మ పళ్ళెంలోంచి ముక్క తీసుకుని, కూతురు తీసిన చోటే మళ్ళీ ముల్లు వెతికి, ముప్పై రెండేళ్ళుగా ఏ బిడ్డ నోటికీ చేప అందించని ఆ చేత్తో పెట్టింది.

తూకం రోజున కాటా ముల్లు ఆరు కిలోల ఏడు వందలు దాటింది. పట్టీ పసుపులోనే ఉంది గానీ ఎరుపుకు దూరం జరిగింది. ఆస్పత్రి అక్కర్లేదు, ఇలాగే పెట్టండి అన్నారు విజయకుమారి గారు. ఉయ్యాలలో సుప్రజ కాళ్ళు తన్ని, పాళెం మొత్తం వినబడేటట్టు ఏడ్చింది. అక్క ఆ ఏడుపు వింటూ రిజిస్టరులో రాయడం మరిచిపోయి నిలబడింది.

ఆ పాప మొదటి మాట అమ్మా కాదు, నాయనా కాదు. ఏడాదిన్నర వయసులో ఒకరోజు వల మీద పాకుతూ వెళ్ళి "త్తా" అంది. మునెమ్మకు వినబడలేదు. బిడ్డ చీర కొంగు పట్టి లాగి, ఆమె చూసేదాకా ఆగి, మళ్ళీ అంది. అప్పటి నుంచి ఆ పిల్ల ఎవరితో మాట్లాడినా ముందు కొంగు లాగుతుంది.

పోయిన డిసెంబరులో, క్రిస్మస్‌కు పది రోజుల ముందు, ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేసి పడుకున్న అక్క మళ్ళీ లేవలేదు. చాలాసేపు నేను ఆమె పక్కనే కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉన్నాను, నిద్రపోతోందనుకుని.

మట్టి చేసి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మునెమ్మ మా ఇంటికి వచ్చింది. వెంట సుప్రజ, చేతిలో స్టీలు డబ్బా. మునెమ్మ నన్ను చూసింది, వంటింట్లో బోర్లించిన గిన్నెలు చూసింది. పళ్ళెం తెచ్చుకుని నా ఎదురుగా నేల మీద కూర్చుంది. డబ్బాలోంచి అన్నం, చేప పులుసు వడ్డించుకుని, నా వైపు చూడకుండా మెల్లగా తినడం మొదలుపెట్టింది.

సుప్రజ నా కొంగు లాగింది.

"మీ అత్త ఏమంటా ఉంది నాతో?" అని అడిగాను.

"ఏమీ అనలేదు పెద్దమ్మా," అంది. "తింటా ఉంది గదా. చూడు."

చూశాను. మునెమ్మ చందువ ముక్కను విప్పి, నడిముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇంకో రెండు ముద్దలు తనే తినింది. మూడోది కలిపి, చేతిలో పట్టుకుని తల ఎత్తింది.